అండమాన్ వెళ్తే ఎక్కడ తినాలి? ప్యాకేజీలో మూడు పూటలా భోజనం కట్టించుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డిసెంబరు చివర్లో ఆరు రోజులు, పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్. పెద్దలు నలుగురు, పిల్లలు ఇద్దరు. అమ్మగారు చేప, గుడ్డు ముట్టరు, మిగతావాళ్లు అన్నీ తింటారు. ట్రావెల్స్ వాళ్లు తలకింత అదనంగా కడితే మధ్యాహ్నం, రాత్రి భోజనాలు కూడా హోటల్లోనే పెట్టిస్తామంటున్నారు. కట్టాలా? బయట తినాలంటే ఎక్కడ?

కట్టొద్దు. గదితో పాటు పొద్దున టిఫిన్ ఒక్కటి ఉంటే చాలు. పోర్ట్ బ్లెయిర్‌లో మన తరహా టిఫిన్, భోజనం హోటళ్లకు కొదవ లేదు. హావ్‌లాక్, నీల్‌లో మధ్యాహ్నం పూట అక్కడి బెంగాలీ కుటుంబాల చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, చేపల కూర తినండి. హావ్‌లాక్‌లో ఒక్క రాత్రి మాత్రం ముందే చెప్పిపెట్టి, మంచి సముద్రపు చేప కాల్చిపెట్టే చోట ఖర్చు పెట్టండి. రాత్రి భోజనం హోటల్లోనే కట్టించుకోవడం రెండు సందర్భాల్లో మేలు: మీ బస హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ వైపు అయినప్పుడు, నీల్‌లో బజారుకు దూరంగా ఉన్న రిసార్ట్ అయినప్పుడు. ఎందుకో కింద చెప్తాను.

ముందుగా పేర్ల సంగతి. టికెట్ల మీద, మ్యాపుల్లో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ చూస్తారు, 2018లో మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. జనం నోట మాత్రం పాత పేర్లే ఉన్నాయి, అందుకే నేనూ అవే వాడుతున్నాను.

మూడు పూటల ప్లాన్ ఎందుకు దండగంటే, ఆ ట్రిప్‌లో మధ్యాహ్నాలు మీ చేతిలో ఉండవు. ఒక మధ్యాహ్నం పడవలో ఉంటారు, ఇంకోటి ఎలిఫెంట్ బీచ్ నుంచి తిరిగొస్తూ, మరోటి రాధానగర్‌లో. హోటల్ బఫే కోసం పన్నెండు కిలోమీటర్లు వెనక్కి వచ్చి మళ్లీ బీచ్‌కి పోయే ఓపిక ఎవరికీ ఉండదు. ఇక ఆ బఫేలో పెట్టేది పనీర్ బటర్ మసాలా, దాల్ తడ్కా, చికెన్ కూర, నూడుల్స్. చేప అని రాసి ఉంటే అది చాలాసార్లు గడ్డకట్టించి తెచ్చిన బాసా అనే పెంపకపు చేప ముక్క. దీవికి వచ్చి బాసా తినడం అన్యాయం.

దీవుల్లో ధరల లెక్క ఇక్కడి లెక్క కాదు. ఉల్లిపాయ, బంగాళాదుంప, నూనె, పప్పు, మైదా చాలా భాగం చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ఓడల్లో రావాలి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, మళ్లీ చిన్న ఓడెక్కి హావ్‌లాక్ చేరాలి. అందుకే మామూలు పనీర్ కూర కూడా అక్కడ ఖరీదు, రుచి అంతంతమాత్రం. ఆ ఊళ్లోనే దొరికే చేప, కొబ్బరి, అరటి, అక్కడే పండే కూరగాయలు మాత్రం ధరకు తగ్గట్టుంటాయి. మెనూ చూసేటప్పుడు ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. పిజ్జా, పాస్తా, పనీర్ ఓడ మీద వచ్చినవి. చేప, పీత, కొబ్బరి అక్కడివి.

పోర్ట్ బ్లెయిర్

ఇక్కడ తిండికి బెంగ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ, మత్స్యకారులు మరీ ఎక్కువ. జంగ్లీఘాట్ వైపు వెళ్తే చేపల బజారులో తెలుగులోనే బేరమాడొచ్చు. ఆటో అతనితో ఒకసారి తెలుగులో పలకరించి చూడండి. మాట కలిస్తే, తాను రోజూ తినే మెస్ ఎక్కడుందో చెప్తాడు. ఆ సలహా ఏ రేటింగ్ కన్నా నయం.

అబర్డీన్ బజారులో అన్నపూర్ణ కెఫెటేరియా శాకాహార హోటల్. ఇడ్లీ, దోస, ఉత్తరాది భోజనం దొరుకుతాయి, అమ్మగారికి నిశ్చింత. ఐసీ స్పైసీ కూడా శాకాహారమే. చేపలూ పీతలూ కావాలంటే న్యూ లైట్‌హౌస్ పాతదీ పేరున్నదీ. ఎదురుగా పెట్టిన సరుకులోంచి ఎంచుకుని చెప్పే పద్ధతి. సముద్రం కనిపించేలా తీరిగ్గా ఒక పూట కూర్చోవాలనుకుంటే బే ఐలాండ్ హోటల్లో మాండలే రెస్టారెంట్ ఉంది, అక్కడ డబ్బు ఇచ్చేది తిండి కన్నా చూపుకే.

హావ్‌లాక్

ఇక్కడ చోట్లకు నంబర్లతో పిలుపు. జెట్టీ దగ్గర ఒకటి, బజారున్న గోవింద్‌నగర్ మూడు, విజయ్‌నగర్ అయిదు, రాధానగర్ ఏడు. హోటళ్లన్నీ దాదాపు మూడుకూ అయిదుకూ మధ్య రోడ్డు మీదే. మీ బస ఈ భాగంలో ఉంటే రాత్రి నడిచో, చిన్న ఆటో సవారీతోనో అయిదారు చోట్లు అందుబాటులో ఉంటాయి. రాధానగర్ వైపు ఉంటే చీకటి పడ్డాక ఆటో దొరకడమే గగనం, దొరికితే అతను చెప్పిందే రేటు. అందుకే అటువైపు బస అయితే రాత్రి భోజనం రిసార్ట్‌లోనే అన్నాను.

దీవి జనంలో పెద్ద భాగం దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి తెచ్చి స్థిరపరచిన కుటుంబాల వాళ్లు. కాబట్టి అసలైన స్థానిక భోజనమంటే మాచ్ భాత్, అంటే చేపల కూర, అన్నం. గోవింద్‌నగర్ బజారులో, రాధానగర్ ప్రవేశం దగ్గరి వరస పాకల్లో థాలీ అడగండి. అన్నం, పలచటి పప్పు, బంగాళాదుంప వేపుడు, ఒక కూర, చేప ముక్క. అన్నం, పప్పు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. శాకాహార థాలీ 200 రూపాయల చుట్టుపక్కల, చేప థాలీ 300 చుట్టుపక్కల అనుకుని బయల్దేరండి, డిసెంబరు చివర్లో ఇంకాస్త పైకే ఉంటుంది.

రుచి గురించి ఒక హెచ్చరిక. చింతపండు పులుసు ఊహించుకుని కూర్చుంటే నిరాశ తప్పదు. వాళ్ల ఝోల్‌లో, అంటే పలచటి చేపల పులుసులో, పులుపుండదు, కారం తక్కువ, ఆవనూనె వాసన ముందు తగుల్తుంది. ఆవపిండి వేసిన కూర (సర్సే అని అడగండి) మన నాలుకకు త్వరగా పడుతుంది. ఆవనూనె బొత్తిగా గిట్టకపోతే వండే ముందే "రిఫైన్డ్ తేల్ మే" అని చెప్పాలి. పచ్చిమిరపకాయలు, నిమ్మచెక్క అడిగితే ఊరికే ఇస్తారు.

రాధానగర్ పాకల్లో వేయించిన చేపలు పళ్లేల్లో పేర్చి పెడతారు. వాటిని వేడిచేసి ఇస్తానంటే ఒప్పుకోకండి, పచ్చి చేప చూపించి అప్పుడు వేయించమనండి. పావుగంట ఆలస్యమవుతుంది, అంతే తేడా. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా అక్కడ భోంచేసి, ఎండ తగ్గాక నీళ్లలోకి దిగడం మంచి క్రమం. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది. చీకటి పడకముందే ఈలలు వేసి బీచ్ ఖాళీ చేయిస్తారు, పాకలూ దాంతోపాటే సర్దేస్తాయి. సూర్యాస్తమయం చూశాక అక్కడే రాత్రి భోజనం అనుకుంటే ఆకలితోనే రావాలి.

రాత్రికి గోవింద్‌నగర్ రోడ్డులో సమ్‌థింగ్ డిఫరెంట్ సముద్రం ఒడ్డునే ఉంటుంది, పిల్లలు తినేవి కూడా దొరుకుతాయి. అంజు కోకో చాలాకాలంగా పర్యాటకుల నోట నానిన పేరు. వైల్డ్ ఆర్కిడ్ రిసార్ట్‌లోని రెడ్ స్నాపర్ చేపలకు పేరు పడింది. ఫ్యాట్ మార్టిన్‌లో దోసలు రకరకాలు. అమ్మగారికి విజయ్‌నగర్ వైపు నలాస్ కింగ్‌డమ్ శాకాహారం. ఈ దీవిలో హోటళ్లు సీజన్‌కొకసారి చేతులు మారతాయి, వంటవాళ్లు ఇంకా త్వరగా మారతారు. కాబట్టి వెళ్లిన రోజు మధ్యాహ్నమే ఒకసారి ఫోన్ చేసి, తెరిచి ఉందో లేదో, ఆ రోజు ఏ చేప వచ్చిందో కనుక్కోండి. డిసెంబరు 20 నుంచి జనవరి మొదటి వారం దాకా ఏడున్నర తర్వాత పోతే గంటసేపు బయట నిలబడాలి. పిల్లలతో ఆరున్నరకే వెళ్లడం మేలు. తొమ్మిదిన్నర దాటాక చాలా పొయ్యిలు ఆరిపోతాయి.

ఖరీదైన ఆ ఒక్క రాత్రి: ఏం అడగాలి, ఎలా అడగాలి

డబ్బు పోయేదీ, కడుపు పాడయ్యేదీ ఇక్కడే. కాస్త వివరంగా చెప్తాను.

మొత్తం చేప కాల్పించుకోవాలంటే పండుగప్ప, రెడ్ స్నాపర్, పార మంచివి. కండ తడిగా నిలుస్తుంది. వంజరం (వాళ్లు సుర్మాయ్ అంటారు) ముక్కలుగా కోసి వేపుడుకి బాగుంటుంది, నిప్పుల మీద ఎండిపోతుంది. ట్యూనా కూడా అంతే, ఒక్క నిమిషం ఎక్కువైతే చెక్క. పెద్దలు నలుగురిలో చేప తినేది ముగ్గురు, పిల్లలు ఇద్దరు కాబట్టి కిలోన్నర చేప చాలు. తల, ముల్లు, పొట్టభాగం పోగా తినేది సుమారు సగమే ఉంటుంది. తల విడిగా కూర వండమంటే చాలాచోట్ల వండుతారు.

చేపను చూడకుండా ఒప్పుకోవద్దు. కన్ను ఉబ్బి, నల్లగా మెరవాలి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, ఇటుక రంగు తిరిగితే పాతది. వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. రొయ్యకు తల నల్లబడితే వద్దనండి. "బటర్ గార్లిక్ బాగుంటుంది సర్" అని వాళ్లంతట వాళ్లే పదేపదే అంటుంటే కాస్త అనుమానించండి. వెన్న, వెల్లుల్లి వాసన కింద పాత సరుకు దాగుతుంది. ఉప్పు, మిరియం, నిమ్మ మాత్రమే రాసి కాల్చమంటే వంటవాడికి వెనక్కి తగ్గే దారి ఉండదు.

లాబ్‌స్టర్ కావాలంటే పొద్దునే చెప్పాలి. బరువెంత, ధర కిలోకా వంద గ్రాములకా, వండే కూలీ కలిసి ఉందా, పన్ను విడిగానా, ఈ నాలుగూ వండకముందే తేలాలి. మెనూలో ధర చోట "సైజును బట్టి" అని ఉంటే బిల్లు వచ్చేదాకా ఆగకండి. త్రాసు మీద పెట్టించి చూడండి. పెంకు, తల పోను మిగిలే కండ మూడో వంతుకు అటూఇటూ, కాబట్టి తొమ్మిది వందల గ్రాముల లాబ్‌స్టర్ అంటే ముగ్గురికి రుచి చూడ్డానికే. కడుపు నిండాలంటే అదే డబ్బుకు చేప, మండపీత మేలు. పీతను చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువుండాలి. తేలిగ్గా ఉంటే లోపల నీళ్లే. పొట్ట కింది మడత సన్నగా కోసుగా ఉంటే మగది, గిట్టల్లో కండ ఎక్కువ. మడత వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. కడుపు కింద గుడ్లు మోస్తున్న పీతనూ, లాబ్‌స్టర్‌నూ వద్దనండి.

రెండు ప్రమాదాలు వంటతో తీరేవి కావు. ట్యూనా, వంజరం, కానాగంతల జాతి చేపలు మంచు లేకుండా కొన్ని గంటలు ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం పేరుకుంటుంది. ఎంత కాల్చినా, వేయించినా అది పోదు. తింటుంటే నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే అక్కడే ఆపేయండి. తర్వాత ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు గంటలోపే మొదలవుతాయి. రెండోది, పగడపు దిబ్బల దగ్గర తిరిగే మరీ పెద్ద వేటచేపలు, అంటే భారీ బరాకుడా, భారీ గ్రూపర్ లాంటివి. ఉష్ణమండల సముద్రాల్లో వీటి కండలో సిగ్వాటెరా అనే విషం చేరే అవకాశం ఉంది, అదీ వేడికి చావదు. అందుకే చూడ్డానికి ఘనంగా ఉన్న పది కిలోల చేప కన్నా కిలోన్నర చేపే మంచి బేరం.

ఎవరైనా రహస్యంగా కొబ్బరి పీత తెచ్చిపెడతానంటే వెంటనే వద్దనండి. అది వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి. తాబేలు, సముద్రపు దోసకాయ, పెద్ద ఆల్చిప్ప కూడా అంతే. అమ్మినవాడితో పాటు తిన్నవాడూ ఇరుక్కుంటాడు.

మీరు వెళ్లేది డిసెంబరు కాబట్టి చేపలకు ఇబ్బంది లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంతో పాటు అండమాన్ జలాల్లోనూ మరపడవల వేటకు నిషేధం. ఇది చదివి వేసవిలో వెళ్లేవాళ్లు ఆ రోజుల్లో మెనూలోని పెద్ద చేపలు ఎన్నాళ్ల కిందటివో అడిగి తినండి.

నీల్

చిన్న దీవి, ఎంపిక తక్కువ. అయితే అండమాన్‌కు కూరగాయలు పండించి ఇచ్చేది ఇదే. కాబట్టి శాకాహారానికి హావ్‌లాక్ కన్నా ఇక్కడి థాలీలో కూర తాజాగా ఉంటుంది. వంకాయ, గుమ్మడి, బెండ, ఆకుకూర, ఆ రోజు ఏది కోస్తే అదే వండుతారు. జెట్టీకి దగ్గర్లోని బజారులో చిన్న హోటళ్లున్నాయి. వాటిలో ముందు వెళ్లి "ఇంతమందిమి, ఇన్ని గంటలకు వస్తాం" అని చెప్పి వస్తేనే అన్నం సరిపడా పడుతుంది. చెప్పకుండా రెండున్నరకు పోతే గిన్నెలు కడుగుతూ కనిపిస్తారు. లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్ బీచ్‌ల దగ్గర కొబ్బరిబోండాలు, పండ్ల ముక్కలు, మ్యాగీ, భేల్ దొరుకుతాయి, భోజనం అనుకునేంత కాదు. రాత్రికి రిసార్ట్‌లో తినేటట్టయితే సాయంత్రం నాలుగింటికే చెప్పండి. సరుకు తెచ్చుకోవడానికి వాళ్లకు పక్కనే పెద్ద బజారు లేదు.

పడవ రోజు పొద్దున

పొద్దుటి ఫెర్రీలు ఆరున్నర ప్రాంతంలో మొదలవుతాయి, జెట్టీలో ముందుగానే ఉండాలి. హోటల్ టిఫిన్ ఏడు, ఏడున్నరకు గానీ తెరవరు. డబ్బు కట్టిన టిఫిన్ అలా పోతుంది చాలామందికి. ముందు రాత్రే రిసెప్షన్‌లో పొట్లం కట్టమని చెప్పండి. మామూలుగా రొట్టె, ఉడికించిన గుడ్డు, అరటిపండు కడతారు, అమ్మగారిది విడిగా గుడ్డు లేకుండా అని స్పష్టంగా చెప్పాలి. ఖాళీ కడుపుతో పడవెక్కితే వాంతి ఎక్కువ, పూరీలు తిని ఎక్కినా ఎక్కువే. రెండు ఇడ్లీలో, రెండు రొట్టె ముక్కలో, అంతే. వాంతి మాత్ర వేసుకునేటట్టయితే పడవ కదలడానికి అరగంట ముందు వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక వేస్తే ఉపయోగం ఉండదు. పిల్లలకు ఏ మాత్ర, ఎంత అన్నది ఇక్కడే డాక్టర్ని అడిగి వెళ్లండి.

అమ్మగారి కోసం, పిల్లల కోసం

పోర్ట్ బ్లెయిర్ దాటాక "వెజ్" అంటే చేప వేయించిన నూనెలోనే బంగాళాదుంప వేయించడం మామూలు. గట్టిగా పట్టింపు ఉంటే వేపుళ్లు మానేసి పప్పు, కూర, అన్నం అడగడం సులువు. టీ చాలా కొట్లలో పాలపొడితోనే పెడతారు. పెరుగు హావ్‌లాక్, నీల్‌లో ఎప్పుడూ ఉంటుందనుకోవద్దు. పెరుగన్నం లేనిదే ముద్ద దిగని పిల్లలుంటే ఫెర్రీ ఎక్కేముందు పోర్ట్ బ్లెయిర్‌లో కొనుక్కోండి. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి, ఉప్మారవ్వ వేయించినది తెచ్చుకుంటే గదిలో కెటిల్‌తో గడుస్తుంది. నూనె పచ్చడి చేతిసంచీలో కాకుండా చెకిన్ సామానులో, రెండు కవర్లలో గట్టిగా కట్టి పెట్టండి.

డబ్బు, బిల్లు

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఫోన్ చెల్లింపులు చాలా మెరుగుపడ్డాయి. అయినా చిన్న పాకల దగ్గర సిగ్నల్ పోవడం మామూలే, హావ్‌లాక్, నీల్‌లో ఏటీఎంలు తక్కువ, సీజన్‌లో డబ్బు అయిపోతుంది. ఆరుగురికి తిండి ఖర్చు వరకైనా పోర్ట్ బ్లెయిర్‌లోనే నగదు తీసుకోండి. బిల్లులో మామూలు హోటల్‌కు జీఎస్‌టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 దాటిన రిసార్ట్‌ల్లోని రెస్టారెంట్లలో 18 శాతం. మెనూలో చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉన్నది ఇదే. సర్వీస్ చార్జి మాత్రం తప్పనిసరి కాదు, వద్దంటే తీసేయాలి.

మీ ప్లాన్‌లో సున్నపురాయి గుహలున్న బారాటాంగ్ దీవి కూడా ఉంటే ఒక మాట. ఉదయం ఆరింటి కాన్వాయ్ (పోలీసు కాపలాతో అడవి దాటే బళ్ల వరస) అందుకోవడానికి పోర్ట్ బ్లెయిర్‌లో మూడున్నర, నాలుగుకు బయల్దేరదీస్తారు. జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లు ఆగి ఉన్నప్పుడు టీ, పూరీ, ఇడ్లీ దొరుకుతాయి, తినేది అక్కడే తినండి, ఎందుకంటే ఆ తర్వాత అడవి దాటేదాకా ఎక్కడా ఆపనివ్వరు. దారిలో ఆ అడవి ఆదివాసులు జార్వాలు కనిపించినా కిటికీలోంచి బిస్కెట్, పండు ఏదీ ఇవ్వకూడదు. అది నేరం, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.